హారియెట్ స్కడ్డరు దొరసానిగారు

మన అనంతపురపు మెట్టసీమలో ఎవరికైనను జబ్బు ముదిరినచో బంధువులు తలచెడి ఊళ్లలో వేలూరు ఒకటి. అచ్చటి ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు ఐడా స్కడ్డరుగారి పేరు మన పిల్లలు వినియే యుందురు. ఆమె నాయనమ్మగారి సంగతి మాత్రము పలువురికి తెలియదు.

హారియెట్ వాటర్బరీ 1795వ సంవత్సరమున అమెరికాలో జన్మించెను. 1816లో న్యూయార్కు నగరమున వైద్యవృత్తిలో నున్న జాన్ స్కడ్డరును పెండ్లాడెను. భర్తకు రాబడి బాగుగ నుండెను. ఒకనాడు ఆ వైద్యుడు రోగిని చూడబోయి, ఆ యింట కనబడిన చిన్న మిషను పుస్తకమును చదివి, ఇండియాకు పోవలెనని నిశ్చయించుకొనెను. ఆయన తండ్రి కోపించి కుమారుని త్యజించెను. ఇల్లాలు మాత్రము ఒప్పుకొనెను. చరిత్రలు వ్రాయువారు ఆయన నిర్ణయమును పొగడి, ఈమె సమ్మతిని ఒక వాక్యముతో దాటిపోవుదురు. అది న్యాయము కాదని నా తలంపు.

1819 జూన్ 8వ తేదీన, చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని, దంపతులు బోస్టనులో ఓడ యెక్కిరి. ప్రయాణము నాలుగు మాసములు పట్టెను. కలకత్తాలో దిగిన కొలదిదినములకే ఆ పసిబిడ్డ మరణించెను. సింహళమున జన్మించిన మరియొక శిశువు కూడ దక్కలేదు. యాఫ్నా ప్రాంతమున భర్త రోగులను చూచుచు బోధించుచుండగా, ఆమె ఇల్లు నడపుచు బిడ్డలను పెంచెను. హెన్రీ, విలియము, జోసెఫు, శామ్యూలు, ఎజెకియేలు, జారెడు, సైలసు, జాను అను ఎనమండుగురు కుమారులును, ఇద్దరు కుమార్తెలును పెరిగి పెద్దవారైరి.

అంతకంటె కష్టమైనది తరువాత వచ్చెను. కుమారులను చదువునకై అమెరికాలోని బంధువుల యొద్దకు పంపవలసివచ్చెను. పట్టుమని పదియేండ్లు నిండని పిల్లలు! అప్పటికి తంతి లేదు. ఒక జాబు పోయి దానికి బదులు వచ్చుటకు సంవత్సరము పట్టుటయు కలదు. బిడ్డకు జ్వరము వచ్చెనని తల్లికి తెలియునాటికి, ఆ బిడ్డ లేచి ఆడుకొనుచునో లేకయో యుండవచ్చును. ఈ పత్రిక చదువు తల్లులకు ఇంతకు మించి విడమరచి చెప్పనక్కరలేదు. ప్రతి బిడ్డ పుట్టినదినమును ఆమె ప్రార్థనకై ప్రత్యేకించి గడపెడిదని చెప్పుదురు.

1836లో కుటుంబము మద్రాసునకు వచ్చెను. పూర్వము నేతగాండ్రకై వెలసిన చింతాద్రిపేటలో డాక్టరుగారు పని సాగించెను. 1844లో పెద్దకుమారుడు హెన్రీ తానే మిషనరీగా తిరిగివచ్చెను. 1849లో హారియెట్ మద్రాసులో కన్నుమూసెను. శామ్యూలు చదువుకొనుచుండగనే గతించెను. తక్కిన ఏడుగురు కుమారులును ఇండియాలో పనిచేసిరి. వారిలో హెన్రీ, విలియము, జోసెఫులు 1853లో ఆర్కాటు మిషనును స్థాపించిరి. మన పొరుగుననున్న మదనపల్లెకు 1863లో డాక్టరు జేకబు చేంబర్లెనుగారు వచ్చినది ఆ మిషను తరఫుననే. సైలసు 1866లో రాణిపేటలో ఆసుపత్రి తెరచెను. తల్లి చూడనివి ఇవి.

కడగొట్టు కుమారుడు జాను కూడ వైద్యుడే. ఆయన కూతురే ఐడా. 1870లో రాణిపేటలో పుట్టెను. 1876 మొదలు 1878 వరకు మన సీమను కూడ మాడ్చిన గొప్ప కరవులో, ఆ పసిపిల్ల ఆకలిగొన్న బాలురకు రొట్టెముక్కలు పంచెను. ఆ దృశ్యములు మరువలేక, పెద్దదైన పిదప ఈ దేశమున ఉండనని పట్టుపట్టెను. నాయనమ్మ సులభముగ ఒప్పుకొనినదానిని మనుమరాలు ఒప్పుకొనలేదు! తల్లికి జబ్బు చేయగా చూచుటకై వచ్చి, తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు, పురుషవైద్యుని తాకనీయరాదను ఆచారమువలన, ప్రసవవేదనలో చనిపోవుట యెరిగిన పిదపనే ఆమె మనసు మారెను. వైద్యము నేర్చి 1900లో వేలూరు చేరెను. ఆ యేడే తండ్రి మరణించెను. 1902లో నలువది పడకల ఆసుపత్రి తెరచి, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల ప్రారంభించి, 1960 వరకు జీవించెను.