నేత్రవైద్యానికి దారి చూపిన అలీ ఇబ్న్ ఈసా

వైద్యంలో ఇబ్న్ సీనా పేరు వినని వారు మనలో తక్కువ. ఆయన కాలంలోనే బాగ్దాద్‌లో కంటి వైద్యానికి జీవితాన్ని అంకితం చేసిన అలీ ఇబ్న్ ఈసాను మాత్రం మనం అంతగా తలచుకోం. ప్రజలు ఆయనను అల్ కహ్హాల్ అనేవారు. సుర్మాను అరబ్బీలో కుహ్ల్ అంటారు. ఆ మాట నుంచే కంటి వైద్యునికి కహ్హాల్ అనే పేరు వచ్చింది.

క్రీ.శ. 10వ శతాబ్ది చివర, 11వ శతాబ్ది మొదట ఆయన జీవించాడు. గ్రీకు వైద్యుడు గాలెన్ రచనలను, బాగ్దాద్‌లోనే తనకు ముందు పనిచేసిన హునైన్ ఇబ్న్ ఇస్హాక్ గ్రంథాలను శ్రద్ధగా చదివాడు. వాటికి తన అనుభవాన్ని జోడించి 'తజ్కిరతుల్ కహ్హాలీన్' రాశాడు. ఇందులో మూడు భాగాలున్నాయి. మొదటిది కంటి నిర్మాణం. రెండోది పైకి కనిపించే జబ్బులు. మూడోది పైకి కనిపించని జబ్బులు. మొత్తం 130 దాకా నేత్రవ్యాధులను ఆయన వివరించాడు.

కన్ను ఎర్రబడితే అన్నీ ఒకే జబ్బు కావన్నది ఈ గ్రంథం నేర్పే ముఖ్య పాఠం. కండ్లకలక వేరు, రెప్పల లోపల గరుకు పుట్టించే జబ్బు వేరు, నల్లగుడ్డు మీదికి రక్తనాళాలు పాకడం వేరు. ఏది ఏదో తేల్చుకున్నాకే మందు. కంటి వాపుతో పాటు వెంట్రుకలు తెల్లబడటాన్ని కూడా ఆయన గుర్తించాడు. ఇలాంటి వ్యాధికే 20వ శతాబ్దిలో వోగ్ట్, కొయనాగి, హరాడా అనే వైద్యుల పేరు పెట్టారు. కణతల దగ్గరి రక్తనాళాలకూ, తలనొప్పికీ, చూపు పోవడానికీ సంబంధం ఉందని కూడా ఆయన రాశాడు. ఆ నాళాలను కోయడం, కాల్చడం ఆనాటి చికిత్స. ఇప్పుడు స్టెరాయిడ్ మందులున్నాయి. యాభై దాటిన వారికి కొత్తగా కణత నొప్పి వచ్చి, నమిలేటప్పుడు దవడ లాగుతూ, చూపు మసకబారితే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదు.

మన ఇళ్లలో కన్ను ఎర్రబడగానే కండ్లకలకే అనుకుంటాం. కండ్లకలకలో నీరు, పుసి కారతాయి, చూపు సాధారణంగా బాగానే ఉంటుంది. అలా కాక కంటి లోతున నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మసక, నల్లగుడ్డు చుట్టూ ఎరుపు ఉంటే అది కంటి లోపలి పొర వాపు కావచ్చు. దీన్నే యువైటిస్ అంటారు. కీళ్లవాతం, క్షయ వంటివి దీనికి కారణం కావచ్చు కనుక వైద్యులు ఒంటినంతా పరీక్షిస్తారు. చికిత్స మధ్యలో మానితే జబ్బు తిరగబెడుతుంది. శుక్లం, నీటికాసులు కూడా రావచ్చు.

దుకాణంలో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు కంటిపుండు ఉన్నవారికి ఎంతో హాని చేస్తాయి. ఎర్రబడిన కంటికి సుర్మా పెట్టకూడదు. కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది కనుక పిల్లలకు అసలే వద్దు.

అలీ ఇబ్న్ ఈసా గ్రంథం లాటిన్‌లోకి వెళ్లి 1497లో వెనిస్‌లో అచ్చయింది. 1904లో జర్మన్, 1936లో ఇంగ్లీషు అనువాదాలు వచ్చాయి. వెయ్యేళ్ల కిందట సుర్మా పేరుతో పిలిపించుకున్న ఆ వైద్యుడు మందు కన్నా ముందు పరీక్షను కోరాడు. కన్ను ఎర్రబడిన రోజు మనం చేయవలసిందీ అదే.