జెరూసలెం చేరని అరాఫత్

యాసర్ అరాఫత్ 1929లో కైరోలో పుట్టారు. నాలుగేళ్లకే తల్లి పోతే కొన్నాళ్లు జెరూసలెంలో మేనమామ ఇంట పెరిగారు. ఇంజినీరింగ్ చదివి కువైట్‌లో కొలువు చేస్తూనే మిత్రులతో ఫతా పెట్టారు. సాయుధ పోరు నడిపారు. అందులో సామాన్యులూ బలయ్యారు. 1969లో పీఎల్‌ఓ ఛైర్మన్. ఆ తర్వాత బతుకంతా మకాం మార్చడమే. జోర్డాన్ వెళ్లగొట్టింది. 1982లో బీరూట్ వదిలి ట్యునీషియా చేరారు. 1984లో ఇందిరాగాంధీ అంత్యక్రియలకు ఢిల్లీ వచ్చి కంటతడి పెట్టారు.

1993లో ఓస్లో ఒప్పందం, మరుసటేడు నోబెల్ శాంతి బహుమతి. జెరూసలెం సంగతి మాత్రం తర్వాత చూద్దామని వాయిదా వేశారు. అక్కడే దెబ్బతిన్నారనాలి. చివరికి రమల్లా ఆఫీసులోనే ఇజ్రాయెల్ దిగ్బంధంలో ఉండిపోయారు. 2004 నవంబర్ 11న పారిస్ దగ్గర ఆసుపత్రిలో కన్నుమూశారు. జెరూసలెంలో ఖననం చేయాలన్నది ఆయన కోరిక. ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు. రమల్లాలోనే, ఆ ఆఫీసు ఆవరణలోనే సమాధి చేశారు.