శిశువుల చెలికాడు ఫ్రోబెలు

ఆట చదువునకు పగయని తలచు పెద్దలు అన్ని దేశములయందును గలరు. బిడ్డ బొంగరము త్రిప్పుచున్న కాలము వ్యర్థమనియు, పలక పట్టిన కాలమే సార్థకమనియు వారి యభిప్రాయము. ఈ యభిప్రాయమును మార్పనెంచి, అందులకై తన ముదిమినంతయు ధారవోసిన మహనీయుడొకడు జర్మనీ దేశమున నుండెను. అతని పేరు ఫ్రీడ్రిక్ ఫ్రోబెలు. కిండరుగార్టెను విద్యకు మూలపురుషుడీతడే. బాల్యమున ఆటకు నోచుకొనని యీతడే ఆటకు బడిలో పీట వేయుట మనము గమనింపదగిన విషయము.

ఫ్రోబెలు 1782వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన, తురింగియా యను కొండల సీమయందు ఓబెర్‌వైస్‌బాఖ్ గ్రామమున జన్మించెను. తండ్రి లూథరను సంఘమున పాదిరి. పలు గ్రామముల సంఘములు ఆయన పాలనలో నుండుటచే ఇల్లు చూచుకొనుటకు ఆయనకు తీరిక లేకుండెను. శిశువునకు ఏడాదియైన నిండకమునుపే తల్లి మరణించెను. తండ్రి మరల వివాహమాడెను. సవతితల్లి మొదట ప్రేమతోనే చూచెను గాని, తనకొక కుమారుడు కలిగిన పిదప ఆ ప్రేమ సన్నగిల్లెను. గోడలును కంచెలును చుట్టియున్న ఆ యింటి తోట దాటి బాలుడు వెలుపలికి పోరాదు. ఆడుకొనుటకు తోడి పిల్లలు లేరు. పూలును చెట్లును మాత్రమే అతనికి చెలికాండ్రయ్యెను.

పదియేండ్ల ప్రాయమున నతని భాగ్యము మారెను. తల్లి తోడబుట్టిన హోఫ్‌మాన్ అను నాతడు మేనల్లునిపై జాలిగొని, ష్టాట్‌ఇల్మ్ పట్టణమునందలి తన యింటికి గొనిపోయెను. ఆ మేనమామ దయాళువు. బాలుని స్వేచ్ఛగా తిరుగనిచ్చెను. అచ్చటి పాఠశాలలో తన యీడు బాలురు నలువదిమంది వరకు నుండిరి. పరుగెత్తుటయందును దుముకుటయందును అలవాటు లేని ఫ్రోబెలు మొదట వారి యాటలలో సరితూగలేకపోయెను. క్రమముగా దేహమునకు బలమును, మనస్సునకు ధైర్యమును చేకూరెను. ఒంటరితనమున బిడ్డ కోల్పోవునదేదో, తోడివారి నడుమ పొందునదేదో అతడు పుస్తకములవలన గాక స్వానుభవముచే నెఱిగెను.

పిమ్మట చాలకాలము అతనికి నిలుకడ దొరకలేదు. పదునేనవయేట అడవుల యధికారి యొకనికడ పని నేర్వజేరెను. 1799లో యేనా విశ్వవిద్యాలయమున ప్రవేశించెను గాని, ఋణము తీర్పలేక తొమ్మిది వారములు చెఱయందుండి, చదువు మాని యిల్లు చేరెను. 1805లో గృహనిర్మాణవిద్య నభ్యసింపదలచి ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు బోయెను. అచ్చట పెస్టలోజీ పద్ధతి ననుసరించు పాఠశాల యొకటి గలదు. దాని ప్రధానోపాధ్యాయుడు ఇతనిని ఉపాధ్యాయుడుగా నుండుమని కోరెను. ఆ పిల్లల యెదుట నిలిచిన క్షణముననే తన బ్రతుకుదారి యిదియేయని ఫ్రోబెలు గ్రహించెను. పిదప స్విట్జర్లాండులోని ఇవెర్డన్ పట్టణమునకు బోయి, 1808 మొదలు 1810 వరకు పెస్టలోజీ సన్నిధిని నేర్చుకొనెను.

1813లో నెపోలియనుపై జరిగిన యుద్ధమున ఫ్రోబెలు స్వచ్ఛందసైనికుడుగా జేరెను. ఆ దండులోనే లాంగెతాల్, మిడ్డెన్‌డార్ఫ్ అను యువకులిరువురు ఆయనకు ప్రాణమిత్రులైరి. 1816లో తన యన్నల కుమారులైదుగురను ముఖ్యశిష్యులుగా జేర్చుకొని యొక పాఠశాల స్థాపించి, మఱుసటియేట దానిని కైల్‌హౌ గ్రామమునకు మార్చెను. మిత్రులిరువురును వచ్చి తోడుపడిరి. అచ్చటి బాలురు పాఠములతోపాటు కొండలెక్కుచు, అడవులలో దిరుగుచు, రాళ్లతో కోటలు గట్టుచు పెరుగుచుండిరి. ఈ యనుభవసారమును ఫ్రోబెలు 1826లో మానవవిద్యను గూర్చిన గ్రంథముగా వెలువరించెను.

1835లో స్విట్జర్లాండునందలి బుర్గ్‌డోర్ఫ్ అనాథశరణాలయమునకు ఆయన అధ్యక్షుడయ్యెను. అచ్చట చిన్నబిడ్డలను దగ్గఱనుండి చూచుటచే నొక సత్యము మఱింత స్పష్టమయ్యెను. బిడ్డ బడికి వచ్చునప్పటికే ఆతని స్వభావము చాలవఱకు రూపొందియుండును. కావున ఆఱేండ్లకు పూర్వపు కాలమును ఊరక పోనీయరాదు. అట్లని ఆ పసివారికి అక్షరములు రుద్దరాదు. ఆ వయస్సునకు తగిన చదువు ఆటయే. 1837లో జర్మనీకి మరలివచ్చి బ్లాంకెన్‌బుర్గ్ పట్టణమున ఆయన శిశువుల యాటలకై యొక శాలను నెలకొల్పెను.

ఆ శాలకొఱకు కల్పించిన యాటవస్తువులకు ఆయన కానుకలని పేరిడెను. మొదటి కానుక ఆఱురంగుల యున్నిబంతులు. రెండవదానియందు కొయ్య గోళమును, ఘనమును ముఖ్యములు. మూడవది ఎనిమిది చిన్న ఘనములు కూర్చిన పెద్ద ఘనము. బిడ్డ దానిని రెండు చేయును, నాలుగు చేయును, ఎనిమిది చేయును. మరల నొక్కటిగా గూర్చును. భిన్నమను మాట వినకయే భిన్నములు నేర్చును. అవే ముక్కలతో కుర్చీయు, వంతెనయు, గోపురమును గట్టును. ఇందొక నియమము గలదు. ఒక్క ముక్కయైనను మిగులరాదు. కట్టినదానిని పడగొట్టక, కొంచెము కొంచెముగా జరిపి మఱియొక రూపముగా మార్పవలెను. అన్నిటికిని చోటు గలదనియు, పాతదానినుండియే క్రొత్తది పుట్టుననియు ఆ నియమము చేతులకు నేర్పును.

వలయముగా నిలిచి యొండొరుల చేతులు పట్టి యాడు ఆటలును ఆయన కేర్పరచెను. ఒక్కడు చేయి వదలిన వలయము తెగును. తన వంతు వచ్చువఱకు వేచియుండుట, ఇతరుల వంతును గౌరవించుట అందు నీతిబోధ లేకయే యలవడును. ప్రతిబిడ్డకును చిన్న మడి యొకటి, అందఱికిని కలిసి మడి యొకటి యుండవలెనని ఆయన కోరెను. తనది కాపాడుకొనుటయు, అందఱిదానికై పాటుపడుటయు ఒక్కచోటనే బిడ్డలు నేర్తురు.

ఇట్టి శాలకు తగిన పేరు దొరకక ఆయన చాలదినములు వెదకెను. 1840లో నొకనాడు మిత్రులతో కొండదారిని నడచుచు, క్రింది లోయను జూచి, శిశువుల తోటయని యర్థమిచ్చు కిండరుగార్టెను అను పేరును కనుగొనెనని చెప్పుదురు. మొక్కను తోటమాలి పెంచునట్లు బిడ్డను పెంచవలెనని దాని భావము. తల్లులకును పిల్లలకును తగిన యాటపాటల గ్రంథమును 1844లో ప్రకటించెను. స్త్రీలను ఉపాధ్యాయినులుగా తరిబీదు చేయుటకు పూనుకొని, వారికొక గౌరవమైన వృత్తిని చూపెను.

1849లో లీబెన్‌స్టైన్ అను చోట, నెరసిన తలతో పల్లెపిల్లలను వెంటబెట్టుకొని యాడుచున్న ఆయనను జూచి యూరివారు వెఱ్ఱివాడని నవ్విరి. మారెన్‌హోల్ట్స్ బ్యూలో ప్రభ్విణి మాత్రము ఆ యాటయందలి యర్థమును గ్రహించి, ఆయనకు శిష్యురాలయ్యెను.

అంతలో పిడుగుపాటువలె ఆపద వచ్చెను. 1851 ఆగస్టు 7వ తేదీన ప్రష్యా ప్రభుత్వము, నాస్తికత్వమును సామ్యవాదమును నేర్పుచున్నవను నెపముతో కిండరుగార్టెనులను నిషేధించెను. ఫ్రోబెలు సోదరుని కుమారుడు వ్రాసిన పుస్తకమొకటి అధికారులను భ్రమపెట్టెను. ఫ్రోబెలు రాజునకు మొఱపెట్టుకొనెను, ఫలము లేకపోయెను. దైవభక్తిపరునిపై నాస్తికత్వదోషము మోపబడెను. నింద తీరకయే, 1852 జూన్ 21వ తేదీన ఆయన మరణించెను.

అయినను విత్తనము చావలేదు. ప్రభ్విణి మొదలగువారి పట్టుదలచే 1860లో నిషేధము తొలగెను. అప్పటికే 1856లో మార్గరెతె షుర్ట్స్ అమెరికాలోని వాటర్‌టౌన్ పట్టణమున కిండరుగార్టెను ప్రారంభించియుండెను. 1860లో ఎలిజబెత్ పీబాడీ బోస్టను నగరమున ఇంగ్లీషు మాటలాడు పిల్లలకు ఆ శాల తెఱచెను. తరువాతి కాలమున కొందఱు శిష్యులు కానుకలను యంత్రమువలె వరుసగా వల్లెవేయించి, ఆటను మరల పాఠముగా మార్చిరి. అది గురువు కోరినది కాదు. బిడ్డ మనసార ఆడినప్పుడే ఆట ఆటయగును; అప్పుడే అది చదువును అగును.

ష్వైనా గ్రామమున ఆయన సమాధిపై ఘనమును, దానిపై స్తంభాకారమును, దానిపై గోళమును నిలిపియున్నారు. అవి పసివారి యాటవస్తువులే. తల్లిదండ్రులారా! సాయంకాలము మీ బిడ్డ ఆడుకొనుటకు పోయెదనని యడిగినప్పుడు, కంచె లోపల ఒంటిగా గూర్చున్న ఆ బాలుని స్మరింపుడు. విద్యార్థులారా! మీ యాటలో చేరలేక దూరముగ నిలిచిన బాలుడెవడైన నున్నయెడల, వలయమును కొంచెము విప్పి యతని చేయి పట్టుకొనుడు.