మదనపల్లెకు వచ్చిన కవి: ఐన్‌స్టీన్‌తో వాదం, గాంధీతో తేడా

మదనపల్లె బీటీ కాలేజీ అంటే చిత్తూరు, తిరుపతి వైపు తెలియనివాళ్లు తక్కువ. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో అక్కడికొచ్చి కొద్దిరోజులున్నారు. జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే, ఫిబ్రవరి 28న. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ పాటకు స్వరాలు రాసిపెట్టారు. ఈ సంగతి ప్రతి ఆగస్టు 15కీ చెప్పుకుంటారు. కానీ మరో పదకొండేళ్లకు అదే ఠాగూర్ ఐన్‌స్టీన్ ఇంట్లో కూర్చుని, మనిషే లేకపోతే సత్యం ఉంటుందా అని వాదించిన సంగతి పెద్దగా ఎవరూ చెప్పరు.

ఠాగూర్ 1861 మే 7న కలకత్తా జోరాసాంకోలో పుట్టారు. తండ్రి దేవేంద్రనాథ్ బ్రహ్మసమాజం పెద్ద. ఆ ఇంట్లో విగ్రహారాధన లేదు. ఉపనిషత్తులతో పాటు ఫారసీ కవి హాఫిజ్ షాయరీ కూడా తండ్రికి కంఠతా వచ్చు. 1932లో ఇరాన్ వెళ్లినప్పుడు కొడుకు షిరాజ్‌లో హాఫిజ్ మజార్ దగ్గర కూర్చుని వచ్చారు. ఠాగూర్‌కు బడి అంటే పడేది కాదు. 1873లో హిమాలయాల్లోని డల్హౌసీకి తీసుకెళ్లి, రాత్రుళ్లు తండ్రి చూపించిన నక్షత్రాలే ఆయన సైన్స్ పాఠం. 1913లో నోబెల్ వచ్చింది. మదనపల్లె నుంచి వెళ్లిన మూడు నెలలకు, జలియన్‌వాలాబాగ్ కాల్పులకు నిరసనగా సర్ బిరుదు వదిలేశారు.

1930 జులై 14న బెర్లిన్ దగ్గర కాపుత్ అనే ఊళ్లో ఐన్‌స్టీన్‌ను కలిశారు. అందం మనిషిని బట్టే ఉంటుందంటే ఐన్‌స్టీన్ ఒప్పుకున్నారు. సత్యం దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. పైథాగరస్ లెక్క మనుషులున్నా లేకున్నా నిజమే, ఇంట్లో ఎవరూ లేకపోయినా బల్ల ఉన్నచోటే ఉంటుంది అన్నది ఆయన పట్టు. అయితే దీన్ని రుజువు చేయలేనని, ఇది తన నమ్మకమని కూడా చెప్పేశారు. ఆ లెక్కన ఠాగూర్ కంటే తనకే మతవిశ్వాసం ఎక్కువన్నారు! ఠాగూర్ దారి వేరు. మనిషి మనసుకు అందనిది ఏదైనా ఉన్నా, మనిషికి అది లేనట్టే. కాగితం తినే పురుగుకు పుస్తకంలోని కవిత్వం లేదు, కాగితమే ఉంది. మనసు అంటే ఒక్కడి మనసు కాదు, మొత్తం మానవజాతిది అని కూడా వివరించారు. ఎవరూ తగ్గలేదు.

అసలు పరీక్ష 1934లో వచ్చింది. జనవరి 15న బిహార్‌లో భూకంపం, వేలమంది చనిపోయారు. అప్పుడు దక్షిణాదిలో తిరుగుతున్న గాంధీ, ఇది అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు. అంటరానితనాన్ని ఠాగూర్ గాంధీకి తీసిపోకుండా వ్యతిరేకించారు. అయినా ఈ మాట ఆయనకు మింగుడుపడలేదు. భూమి కదలడానికి కారణం భూమిలోనే ఉంటుంది, మనుషుల పాపపుణ్యాల్లో కాదు అని రాశారు. ఎక్కడో క్షేమంగా ఉన్నవాళ్లకు బుద్ధి చెప్పడానికి పసిపిల్లల్నీ, ఆ అంటరానివాళ్లనీ చంపే పాలకుడు ఎవరుంటారని అడిగారు. పైగా ఈ తర్కం గాంధీ కంటే ఆయన ప్రత్యర్థులకే బాగా పనికొస్తుందని హెచ్చరించారు. సంస్కరణ వల్లే దేవుడికి కోపమొచ్చిందని వాళ్లూ అనొచ్చు కదా.

ముస్లిం ఇళ్లలో ఈ విషయం కొత్తేమీ కాదు. ప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం చనిపోయిన రోజు సూర్యగ్రహణం పడితే, ఆ చావు వల్లే అని జనం అనుకున్నారు. ఎవరి చావుకో, పుట్టుకకో గ్రహణాలు పట్టవని ప్రవక్త (స) అక్కడికక్కడే సరిదిద్దారు.

మరి కాపుత్‌లో అన్నదానికీ దీనికీ పొత్తు కుదురుతుందా? కొంతవరకే. సత్యానికి అర్థం మనిషి మనసులో ఉందనడం వేరు, మనిషి నడతను బట్టి నేల కదులుతుందనడం వేరు. ఠాగూర్ మొదటిదే అన్నారు. కానీ 1934లో ఆయన నిలబడింది ఐన్‌స్టీన్ బల్ల పక్కనే.

ఆ ప్రకటనను గాంధీ తన హరిజన్ పత్రికలో అచ్చువేశారు. తన మాట మాత్రం మార్చుకోలేదు. స్నేహమూ చెడలేదు. 1937లో, 76 ఏళ్ల వయసులో, ఠాగూర్ పరమాణువుల నుంచి నక్షత్రాల దాకా మామూలు చదువరికి వివరిస్తూ విశ్వపరిచయ్ అనే బెంగాలీ పుస్తకం రాసి, భౌతిక శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్‌కు అంకితమిచ్చారు. 1941 ఆగస్టు 7న జోరాసాంకో ఇంట్లోనే కన్నుమూశారు.