జహనారా బేగం: రోగికి ధైర్యం, వృద్ధునికి తోడు

తాజ్‌మహల్ పేరు వినగానే షాజహాన్ చక్రవర్తి, ముంతాజ్ మహల్ గుర్తుకు వస్తారు. ఆ దంపతుల పెద్ద కుమార్తె జహనారా బేగం పేరును మనలో చాలామంది చరిత్ర పాఠాల్లో చదివాం. కానీ ఆమె జీవితంలో మన వయసు వారికి పనికివచ్చే సంగతులు పాఠాల్లో అంతగా కనిపించవు. ముప్ఫై ఏళ్ల వయసులో ఆమె చావు అంచుదాకా వెళ్లి తిరిగివచ్చింది. నడివయసులో ముసలి తండ్రికి ఏడున్నర ఏళ్లు సేవ చేసింది. ఈ రెండు కష్టాల్లోనూ ఆమెకు అండగా నిలిచింది దైవభక్తి.

జహనారా 1614లో అజ్మీరులో జన్మించింది. ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ దర్గా ఉన్న ఊరు అది. 1631లో బుర్హాన్‌పూర్‌లో పద్నాలుగో కాన్పులో తల్లి ముంతాజ్ కన్నుమూసింది. అప్పటికి జహనారాకు పదిహేడేళ్లు. దుఃఖంతో కుంగిపోయిన తండ్రిని ఓదార్చడం, చిన్నవాళ్లయిన తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకోవడం, అంతఃపుర వ్యవహారాలు నడపడం అన్నీ ఆమె మీదే పడ్డాయి. పాదుషా బేగం అన్న హోదా కూడా ఆమెదే అయింది.

ఆమెకు చదువంటే ఇష్టం, సూఫీ మార్గమంటే ప్రాణం. తమ్ముడు దారా షికోతో పాటు ఆమె కూడా కాశ్మీరులో ఉండే ముల్లా షా అనే గురువుకు శిష్యురాలైంది. ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ జీవితం మీద ‘మూనిస్ అల్ అర్వాహ్’ అనే గ్రంథం పారశీకంలో రాసింది. ఇదంతా అగ్ని ప్రమాదానికి ముందు సంగతి. అంటే ఆమె భక్తి జబ్బు చేశాక భయంతో పుట్టింది కాదు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో కూడబెట్టుకున్నదే ఆపదలో అక్కరకు వచ్చింది.

1644 వేసవి ఆరంభంలో ఆగ్రా కోటలో ఆ ప్రమాదం జరిగింది. ఆమె కట్టుకున్న పలుచని మల్లు బట్టకు దీపం అంటుకుంది. అత్తరు పూసిన బట్ట కావడంతో క్షణంలో భగ్గుమంది. వీపు, ఒంటి రెండు ప్రక్కలు, చేతులు తీవ్రంగా కాలిపోయాయి. మంటలు ఆర్పబోయిన పరిచారికలకు కూడా నిప్పంటుకుంది. వారిలో ఇద్దరు తరువాత మరణించారు. రాకుమార్తె బతుకుతుందన్న నమ్మకం చాలాకాలం వరకు ఎవరికీ కలగలేదు.

షాజహాన్ దర్బారులో గడిపే సమయాన్ని బాగా తగ్గించుకుని కూతురి మంచం పక్కనే ఉన్నాడు. స్వయంగా మందు పూసేవాడని, ఆహారం తినిపించేవాడని ఆస్థాన చరిత్రకారులు రాశారు. రోజూ రాత్రి ఆమె తలగడ కింద 1000 రూపాయలు ఉంచి, తెల్లవారగానే పేదలకు పంచిపెట్టేవారు. దీనినే సదకా అంటారు. దానధర్మాలు ఆపదను తొలగిస్తాయని ముస్లింల విశ్వాసం. ఖైదీలను విడుదల చేశారు. ఆమె కోసం దువా చేయమని అందరినీ కోరారు.

ప్రార్థనలు చేస్తున్నాం కదా అని వైద్యం మానలేదు. పేరున్న హకీములను రప్పించారు. ఇరాన్ నుంచి వచ్చిన హకీము ఒకరు కూడా వైద్యం చేశారు. చివరకు ఆరిఫ్ అనే సేవకుడు తయారుచేసిన లేపనంతో పుండ్లు మానాయని చరిత్ర చెబుతోంది. బౌటన్ అనే ఆంగ్ల వైద్యుడు ఆమెకు నయం చేసి, ప్రతిఫలంగా కంపెనీకి వర్తక హక్కులు అడిగాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయన ఆగ్రాకు బయలుదేరింది 1645లో. అప్పటికే ఆమె కోలుకుంది. కనుక ఆ కథ తేదీలకు పొసగదు.

సుమారు ఎనిమిది నెలల తరువాత, 1644 నవంబరులో, ఆమె కోలుకున్న సందర్భంగా ఉత్సవం చేశారు. దక్కను నుంచి అక్కను చూడవచ్చిన ఔరంగజేబు ఆ రోజుల్లోనే తండ్రి ఆగ్రహానికి గురై సుబేదారీ పోగొట్టుకున్నాడు. తండ్రికి నచ్చజెప్పి అతనికి మళ్లీ పదవి ఇప్పించింది జహనారాయే.

ఇస్లాంలో రోగికి ఊరట కలిగించే ఏర్పాట్లు ఎన్నో ఉన్నాయి. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చు. నీరు తగలకూడని రోగి తయమ్ముమ్ చేసుకోవచ్చు. రోగులు ఉపవాసం వాయిదా వేసుకోవచ్చు. మంచాన పడినవాడు కూడా దేవుని ముందు పనికిరానివాడు కాడన్న ధైర్యం దీనివల్ల కలుగుతుంది. బాధను ఓర్చుకోవడాన్ని సబర్ అని, చేయవలసింది చేసి ఫలితాన్ని దేవునికి వదలడాన్ని తవక్కుల్ అని అంటారు. రోగిని పరామర్శించడం పుణ్యకార్యం. భక్తి వల్ల నొప్పి పోకపోవచ్చు. ఒంటరితనం, దిగులు మాత్రం తగ్గుతాయి.

ఆరోగ్యం వచ్చాక ఆమె విశ్రాంతి తీసుకోలేదు. 1648లో ఆగ్రా జామా మసీదు ఆమె సొంత ధనంతో పూర్తయింది. ఢిల్లీలోని చాందినీ చౌక్ ఆమె వేయించినదే. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు అబ్దుల్లా కుతుబ్‌షా ప్రతినిధులు దారాను, జహనారాను ఆశ్రయించారు. చివరకు షాజహాన్ ఆజ్ఞతో ముట్టడి ఆగింది.

1657లో షాజహాన్ మూత్రం బిగిసే జబ్బుతో మంచం పట్టాడు. కొడుకుల మధ్య వారసత్వ యుద్ధం మొదలైంది. 1658లో ఔరంగజేబు తండ్రిని ఆగ్రా కోటలో బంధించాడు. జహనారా తండ్రితోపాటు కోటలోనే ఉండిపోయింది. మరుసటి ఏడాది దారా హత్య జరిగింది. రాజ్యం, కొడుకులు దూరమైన ఆ వృద్ధునికి కూతురి సేవ, ఖురాన్ పారాయణం మిగిలాయి. కనౌజుకు చెందిన సయ్యద్ మహమ్మద్ అనే పండితుడు ఆయనకు ధర్మోపదేశం చేసేవాడు. ఔరంగజేబును క్షమించమని జహనారా తండ్రిని పదేపదే వేడుకుని, చివరకు క్షమాపత్రం రాయించిందని చరిత్రకారులు రాశారు. తనకు ప్రియమైన తమ్ముణ్ణి చంపించినవాడి కోసం ఆ మాట అడగడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించండి. తండ్రి మనసులో కక్షతో పోకూడదని ఆమె తపన కావచ్చు. 1666లో కల్మా పఠిస్తూ షాజహాన్ కన్నుమూశాడు.

తరువాత ఔరంగజేబు ఆమెను గౌరవించి పాదుషా బేగం హోదా తిరిగి ఇచ్చాడు. 1681లో ఆమె మరణించింది. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ దర్గా ఆవరణలో ఆమె సమాధి ఉంది. చుట్టూ పాలరాతి జాలీలే గాని పైన కప్పు లేదు. ఆమె కోరిక ప్రకారం సమాధి నడిమి భాగాన్ని మట్టితో, పచ్చదనంతో వదిలేశారు.

జబ్బు రాజును, పేదను ఒకేలా పడగొడుతుంది. మందు ఇచ్చే వైద్యుడు, పక్కన కూర్చునే మనిషి, మనసుకు ఊతమిచ్చే విశ్వాసం అందరికీ అవసరమే. ఏ మతం వారమైనా, మనలో మంచాన ఉన్న మిత్రుణ్ణి ఈ వారం ఒకసారి పలకరించి వద్దాం.