పురానాపూల్ నిర్మాత ఇబ్రహీం కుతుబ్ షా

గోల్కొండ రాజ్యస్థాపకుడైన సుల్తాన్ కులీ కుమారులలో ఇబ్రహీం ఒకడు. 1543లో తండ్రి హతుడై, అన్న జంషీద్ గద్దెనెక్కగా, ఇబ్రహీం ప్రాణరక్షణకై విజయనగరం చేరి అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేండ్లు గడిపాడు. తెలుగు కవిత్వంపై మక్కువ అతనికి అక్కడే కలిగింది. 1550లో గోల్కొండ సుల్తాను అయిన పిమ్మట తెలుగు కవులను ఆదరించాడు. వారు అతనిని మల్కిభరాముడని ఆత్మీయంగా కీర్తించారు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. అయితే ఆశ్రయమిచ్చిన రామరాయలపైననే 1565లో శత్రుకూటమితో కలిసి యుద్ధానికి తరలడం ఆ చరిత్రలో మాయని మచ్చ.

అతని ముప్పది యేండ్ల పాలనలో రాజ్యం సంపన్నమైంది. వజ్రాల వర్తకులు, వస్త్ర వ్యాపారులు, సైనికులు, చేతిపనివారు చేరి గోల్కొండ క్రిక్కిరిసింది. ఇండ్లకు చోటు చాలలేదు. నీటికీ ఇబ్బంది ఏర్పడింది. మూసీకి దక్షిణాన విశాలమైన మైదానం ఉన్నది. కాని వానకాలంలో ఏరు పొంగితే కోటకూ ఆ నేలకూ సంబంధం తెగిపోయేది. బండి పోలేని చోట ఇల్లు కట్టుకొనేదెవరు? మచిలీపట్నం రేవుకు సరకు చేర్చే బాటకు సైతం ఈ ఏరే అడ్డంకి.

1578లో ఇబ్రహీం మూసీపై రాతివంతెన నిర్మింపజేశాడు. అదే పురానాపూల్. యువరాజు మహమ్మద్ కులీ ప్రేయసి కోసం వరదలో ఏరు దాటగా, తండ్రి భయపడి ఈ వంతెన కట్టించాడని జనం కథగా చెప్పుకొంటారు. కథ మనోహరమైనదే. కాని నాటికి ఆ యువరాజు వయస్సు పదమూడేండ్లకు మించదు! వర్తకుల బండ్లు, సేనల రాకపోకలే ఈ నిర్మాణానికి కారణమనడం సమంజసం.

కోట నుండి వంతెనకు పోయే దారిలో బిడారులు విడిది చేసేవి. అక్కడ వెలసిన వాడకు కార్వాన్ అనే పేరు స్థిరపడింది. వజ్రాల వర్తకులు, షావుకార్లు అక్కడనే భవనాలు కట్టుకొన్నారు. అవతలి ఒడ్డు కూడ నివాసయోగ్యమైంది.

ఇబ్రహీం 1580లో మరణించాడు. పదకొండేండ్లకు, 1591లో, మహమ్మద్ కులీ దక్షిణపు ఒడ్డున హైదరాబాదుకు శంకుస్థాపన చేశాడు. మచిలీపట్నం బాట మరొక బాటను కలిసే కూడలిలో చార్మినార్ నిలిచింది. నాలుగు దిక్కులకు సాగిన వీథుల వెంట అంగళ్ళు, వాటి వెనుక ఇండ్లు లేచాయి. నగరానికి దారి వేసిన తండ్రి మాత్రం ఆ నగరాన్ని చూడలేదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరంలో వేలాది ప్రాణాలను బలిగొన్నప్పుడు, దెబ్బతిన్నప్పటికీ కూలిపోక అతని వంతెన నిలిచింది.