మాటలేని నాలుగేండ్లు

ప్రతి విద్యాలయానికీ రెండు శాసనాలుంటవి. ఒకటి గ్రంథస్థమైన నియమావళి. మరొకటి విద్యార్థులు తరతరాలుగా పాటిస్తూ వచ్చిన ఆచారం. నియమం అందరికీ ఒక్కటే అయి, ఆచారం కొందరిని వెలివేసినప్పుడు ఒక విద్యార్థి ఎంతటి నిబ్బరం వహించవలసి వచ్చిందో హెన్రీ ఓసియన్ ఫ్లిప్పర్ జీవితం తెలుపుతుంది.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో థామస్‌విల్ అనే ఊరిలో 1856 మార్చి 21వ తేదీన ఫ్లిప్పర్ బానిసగా జన్మించినాడు. తండ్రి ఫెస్టస్ తోలుపనిలో నేర్పరి. తల్లి ఇసబెల్లా మరొక యజమాని సొత్తు. ఫెస్టస్ యజమాని అట్లాంటా నగరానికి తరలిపోయే సమయం వచ్చినప్పుడు, భార్యాబిడ్డలు దూరం కాకుండా ఆ తండ్రి తాను కూడబెట్టుకొన్న సొమ్మును యజమానికే ఇచ్చి వారిని కొనిపించినాడు. బాలునికి ఎనిమిదేండ్ల ప్రాయంలో ఒక సాటి బానిస అక్షరాలు నేర్పినాడు. 1865లో బానిసత్వం రద్దయిన తరువాత ఫ్లిప్పర్ చదువు సాగించి అట్లాంటా విశ్వవిద్యాలయంలో చేరినాడు. 1873లో ఆ ప్రాంతపు కాంగ్రెసు సభ్యుడు జేమ్స్ ఫ్రీమన్ సిఫారసుపై వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో ప్రవేశం లభించింది.

న్యూయార్కు రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున 1802లో వెలసిన ఆ విద్యాలయంలో దినచర్య డప్పుల మ్రోతతో ఆరంభమయ్యేది. బూడిదరంగు దుస్తులు, కవాతులు, కావలి విధులు, వేసవిలో మైదానంపై గుడారాలలో నివాసం అందరికీ తప్పనిసరి. విద్యార్థి ప్రతిదినం నల్లబల్ల ఎదుట నిలిచి పాఠం ఒప్పగించాలి. దానికి మార్కులు పడతవి. జనవరి, జూన్ పరీక్షలలో తప్పినవాడు ఇంటిదారి పట్టవలసినదే. కొత్తగా వచ్చినవారిని పైతరగతులవారు ఏడిపించడం అక్కడ పాత ఆచారం. అయితే ఆ బాధ ఏడాదితో తీరిపోయి, తరువాత అందరూ మిత్రులయ్యేవారు.

ఫ్లిప్పర్‌కు మాత్రం ఆ మైత్రి దక్కలేదు. అతనికి ముందు 1870లో చేరిన నల్లజాతి విద్యార్థి జేమ్స్ వెబ్‌స్టర్ స్మిత్ ఎన్నో అవమానాలకు ఓర్చి, 1874లో పరీక్ష తప్పి వెళ్ళిపోయినాడు. ఫ్లిప్పర్‌కు ఎదురైన శిక్ష మౌనం. భోజనశాలలో పక్కన కూర్చున్నవారు, కవాతులో జతగా నడచినవారు విధికి సంబంధించిన మాట తప్ప మరొక మాట పలికేవారు కారు. కొందరు చాటుగా సానుభూతి చూపినా, పదిమందిలో పలకరించడానికి జంకేవారు. అతడు ఎవరినీ యాచించలేదు, ఎవరితోనూ కలహించలేదు. నల్లబల్ల దగ్గర మాత్రం అతనికి న్యాయం జరిగింది. ఆచార్యులు తనయెడ పక్షపాతం చూపలేదని తరువాత అతడే తన గ్రంథంలో పేర్కొన్నాడు.

1877 జూన్‌లో స్నాతకోత్సవం జరిగింది. 76 మందిలో ఫ్లిప్పర్‌ది 50వ స్థానం. ఆ విద్యాలయం నుండి పట్టం పొందిన తొలి నల్లజాతీయుడు అతడే. పట్టం అందుకోవడానికి అతడు ముందుకు రాగా సభలో కరతాళధ్వనులు చెలరేగినవి. మరుసటి సంవత్సరం తన విద్యార్థి జీవితాన్ని గ్రంథంగా ప్రకటించినాడు.

పదవ అశ్వికదళంలో అధికారిగా చేరి, ఫోర్ట్ సిల్ వద్ద మలేరియాకు నిలయమైన నీటి మడుగులను ఎండగట్టడానికి కాలువ త్రవ్వించినాడు. అది నేటికీ ఫ్లిప్పర్ కాలువగానే ప్రసిద్ధం. కాని 1881లో టెక్సాస్‌లోని ఫోర్ట్ డేవిస్‌లో అతని ఆధీనంలోని సొమ్ములో లోటు కనిపించింది. ఆ లోటును పై అధికారికి తెలియనీయక దాచడం అతని పొరపాటు. ఊరివారు చందాలు పోగుచేసి లోటు తీర్చడానికి తోడ్పడినారు. సైనిక న్యాయస్థానం అపహరణ నేరం లేదన్నది; అయినా అధికారికి తగని ప్రవర్తన అన్న కారణంతో 1882 జూన్ 30న కొలువునుండి తొలగించింది.

తరువాత ఫ్లిప్పర్ ఇంజనీరుగా, సర్వేయరుగా, మెక్సికో భూమి చట్టాలలో నిపుణుడుగా పేరుపొందినాడు. కళంకం తొలగించవలసినదిగా చేసిన విన్నపాలేవీ ఫలించలేదు. 1940లో అట్లాంటాలో కన్నుమూసినాడు. శిక్ష మితిమీరినదని గుర్తించి 1976లో సైన్యం అతనికి గౌరవప్రదమైన విడుదల ప్రసాదించింది. 1999లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ మంజూరు చేసినాడు.

ఆ మౌనాచారం మాత్రం అతనితో అంతరించలేదు. 1932లో అక్కడ చేరిన బెంజమిన్ డేవిస్ అనే నల్లజాతి యువకుడు కూడా నాలుగేండ్లు దానిని అనుభవించి 1936లో పట్టభద్రుడైనాడు. నేడు అదే విద్యాలయం, అసాధారణమైన కష్టాలను పట్టుదలతో ఎదుర్కొన్న విద్యార్థికి ఫ్లిప్పర్ పేరిట పురస్కారం అందజేస్తున్నది. చట్టం ఆనాడే అతనికి ద్వారం తెరిచింది. లోపలికి వచ్చినవానిని పలకరించడం మాత్రం ఏ చట్టమూ నేర్పలేదు; అది పక్కన కూర్చున్న సహాధ్యాయులు చేయవలసిన పని.